పడుకుని చూసే తెర

మంచం, కిటికీ వైపు
మార్చి 4

అక్కకి,

వెల్లకిలా పడుకున్న తమ్ముడి నమస్కారాలు. అక్షరాలు అక్కడక్కడా మాయమైతే కంగారుపడకు. పెన్ను తలకిందులుగా పట్టుకుంటే సిరా దిగదని నాకు యాభై ఏళ్ళొచ్చాక తెలిసింది. ఫోను చేద్దామంటే నీకు సరిగ్గా వినపడదు, మెసేజీలు పెడితే చీమల బారులా ఉన్నాయంటావు. కాబట్టి ఉత్తరమే గతి.

నవంబరులో ఆ వాచీల మెకానిక్ ఇంట్లో నేను పడ్డప్పుడు కాలూ ల్యాప్‌టాపూ రెండూ విరిగాయి కదా. కాలికి కట్టు కట్టారు, ల్యాప్‌టాప్‌కి కట్టే నాథుడు దొరకలేదు. పాతికేళ్ళుగా ఇళ్ళకి మెట్ల డ్రాయింగులు గీస్తున్నవాణ్ణి, ఊరంతా మెట్లాయన అని పిలిచేవాణ్ణి, నేను గీసిన మెట్ల మీద నేనే పడ్డానంటే జనం నవ్వుకోరూ? ఎవరో నీళ్ళు ఒలకబోశారు. ఆ సంగతి నీకు ముందే చెప్పాను, మళ్ళీ చెబుతున్నాను.

జూన్ ఒకటికల్లా పనిలోకి రాకపోతే నా కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడతానని మా ఇంజనీరు కబురు పెట్టాడు. మంచం మీంచే గీసి పంపిస్తానన్నాను. కొత్త ల్యాప్‌టాప్ కొనిస్తానని నువ్వే అన్నావు గనక, మీ ఊళ్ళో ఒక వీధి వీధంతా ఆ షాపులే గనక, ఒక్క విషయం చూడు. తెర పక్క నుంచి చూసినా కింద నుంచి చూసినా ఒకేలా కనపడాలి. కొన్ని తెరలు దొంగసాక్షుల్లాంటివి. ఎదురుగా నిలబడి అడిగితే ఒక మాట, పక్కకొచ్చి అడిగితే ఇంకో మాట. ఎదురు నుంచి నల్లగా ఉన్నది కింద నుంచి బూడిదైపోతుంది, సన్నగీతలు మాయమైపోతాయి. నా బతుకంతా సన్నగీతలే. షాపువాడు నిన్ను తిన్నగా కూర్చోబెట్టి పూల బొమ్మ చూపిస్తాడు, నమ్మకు. నేను పడుకుని పొట్ట మీద పెట్టుకుంటాను. నువ్వూ అలాగే చూడాలి.

నీ తమ్ముడు

వదినగారూ, ఈ ఉత్తరం పోస్టులో వేసేది నేనే కాబట్టి కింద ఖాళీలో రాస్తున్నాను. కట్టు విప్పి ఆరు వారాలైంది. ఎముక అతికింది, నడవమని డాక్టరుగారు మూడుసార్లు చెప్పారు. ఈయన అవసరానికి గోడ పట్టుకుని వెళ్ళొస్తారు, మళ్ళీ మంచమే. బేకరీలో నా సెలవులన్నీ అయిపోయాయి. నిన్న పని నుంచి వచ్చి చూస్తే బీరువా మీద డబ్బాలో బిస్కెట్లు తగ్గాయి. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. — మీ మరదలు


బడి, హెడ్మిస్ట్రెస్ గది
మార్చి 17

ఒరేయ్ తమ్ముడూ,

ఆశీస్సులు తర్వాత, ముందు నా పరువు సంగతి విను.

"నువ్వూ అలాగే చూడాలి" అని రాశావు. రాసింది రాసినట్టు చేసే అలవాటు నాది. మొదటి షాపులోకి వెళ్ళి, సేల్స్ అమ్మాయిని నేల తుడిచారా అని అడిగాను. తుడిచామండీ అంది. చేతిసంచీ తల కింద పెట్టుకుని పడుకున్నాను. ఆ ల్యాప్‌టాప్ తెచ్చి నా పొట్ట మీద పెట్టమ్మా అన్నాను. ఈలోగా పక్క వరసలో ఉన్న ఒకాయన పరుగెత్తుకొచ్చి నా అరికాళ్ళు రుద్దడం మొదలెట్టాడు. ఇంకొకావిడ ముఖాన నీళ్ళు కొట్టింది. ధరల కాగితంతో విసురుతూ మేనేజరొచ్చాడు. తీరా చూస్తే వాడు నా దగ్గర లెక్కల్లో వరసగా మూడేళ్ళు తప్పినవాడు. నేను కింద, వాడు పైన. వాడి ముఖంలో ఎంత జాలి ఉందో అంత ఆనందమూ ఉంది.

ఇంత జరిగినా చూడాల్సింది చూశాను. పూల బొమ్మే పెట్టారు. పూలు కింద నుంచి చూసినా పూలలాగే ఉన్నాయి. పూలతో ఏమీ తేలదు. సన్నగీతలున్న నీ డ్రాయింగేదైనా ఒకటి పంపించు, దాంతో పరీక్ష పెడతాను. ప్రశ్నపత్రం లేకుండా పరీక్షేమిటి?

కాలెలా ఉంది? ఎముక అతికిందా? బీరువా మీద డబ్బాల దాకా చెయ్యి అందుతోందా?

అక్క


మంచం, కిటికీ వైపు
మార్చి 28

అక్కకి,

నీకు జరిగిన అవమానానికి పడుకునే సిగ్గుపడ్డాను. రుద్దినాయనకి నా ధన్యవాదాలు చెప్పు, నాకైతే రుద్దేవాళ్ళు లేరు.

కాలు ఇంకా నొప్పే. లోపల ఎక్కడో పట్టేసినట్టుంటుంది. డాక్టర్లు ఎక్స్‌రే ఫిల్ము చూసి మాట్లాడతారు, కాలు మోసేది నేను. ఇక బీరువా మీద డబ్బా సంగతి నీకెలా తెలిసిందో నాకు అర్థం కాలేదు. మన చిన్నప్పుడు కూడా ఇంట్లో డబ్బాలు బీరువా మీదే ఉండేవి కాబట్టి ఊహించి రాసుంటావు.

ప్రశ్నపత్రం మాట బాగుంది. సొరుగులో పెన్‌డ్రైవులు ఒక గుప్పెడున్నాయి, ఏదో ఒకటి కవర్లో పెట్టి పంపమని మా ఆవిడకి చెప్పాను. ఏ డ్రాయింగైనా ఒకటే. మెట్లన్నీ లేతబూడిద గీతల్లో ఉంటాయి, అంకెలు ఇంకా లేత. తెరని బాగా వెనక్కి వాల్చి చూడు, పక్కకి మూడడుగులు జరిగి చూడు, వెలుతురు తగ్గించి చూడు. ఎన్ని మెట్లు కనపడుతున్నాయో లెక్కపెట్టు. అంకెలు చదవక్కర్లేదు.

నీ తమ్ముడు

వదినగారూ, నిన్న ఆ వాచీలాయన మళ్ళీ చూడటానికొచ్చారు. ఇది రెండోసారి. ఆయన గొంతు వినపడగానే ఈయన దుప్పటి ముసుగేసుకుని గురక పెట్టారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఈయనకి గురక లేదు. — మీ మరదలు


షాపుల వీధి, బెంచీ మీద
ఏప్రిల్ 12

ఒరేయ్ తమ్ముడూ,

పరీక్ష ముగిసింది. ఆరు షాపులు, పదిహేడు ల్యాప్‌టాపులు. ఇప్పుడు నేను వీధి మొదట్లో కనపడితేనే సేల్స్ అమ్మాయి చాప పరుస్తోంది.

మొత్తం పద్నాలుగు మెట్లు. చాలా తెరల్లో ఎదురుగా కూర్చుంటే పద్నాలుగూ ఉన్నాయి, పక్కకి జరిగితే పదకొండు, ఇంకాస్త జరిగితే తొమ్మిది. కింద నుంచి చూస్తే ఒక దాంట్లో మెట్లే లేవు, ఇల్లంతా పొగమంచు. ఇంకోదాంట్లో నలుపు తెలుపై, తెలుపు నలుపై, మేడ మీద వాళ్ళు ఎప్పటికీ కిందికి దిగలేని ఇల్లొకటి కనిపించింది. పెద్ద ధర పెట్టినవన్నీ బాగుంటాయనుకునేవు, అదేం లేదు. పైన పటారం, లోన లొటారం. నా పాత శిష్యుడు మేనేజరు మాత్రం చాలా సాయం చేశాడు. దిండు కూడా తెచ్చిచ్చాడు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి ఎటు నుంచి చూసినా పద్నాలుగు మెట్లే. పడుకో, బోర్లా తిరుగు, తలుపు చాటు నుంచి తొంగిచూడు, పద్నాలుగే. లేత అంకెలు కూడా ఒక్కటీ పోలేదు. రెండోది ఎదురుగా నిటారుగా కూర్చుంటే దానికేమీ తీసిపోదు, కాస్త వాలితే చాలు ముఖం తిప్పేసుకుంటుంది. మా ఇన్‌స్పెక్టరు లాంటిది.

ఏది కొనమంటావో రాయి.

అన్నట్టు, ఆ డ్రాయింగు కింద మూల "వాచీల మెకానిక్ ఇల్లు" అని ఉంది. నువ్వు పడింది ఈ మెట్ల మీదేనా?

అక్క


మంచం
ఏప్రిల్ 19

అక్కకి,

మొదటిదే. ఎటు చూసినా కనపడేది. వెంటనే కొనెయ్, ఇంకేమీ చూడకు. ఆ పెన్‌డ్రైవు వెంటనే వెనక్కి పంపించు, లేదా పారెయ్. వేరేది పంపాల్సింది, పొరపాటున అది వచ్చింది. అంకెలు చదవక్కర్లేదని ముందే రాశాను. చదవలేదు కదా?

తమ్ముడు


బడి, హెడ్మిస్ట్రెస్ గది
ఏప్రిల్ 27

ఒరేయ్ తమ్ముడూ,

ముప్పై మూడేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. నా ముందు అంకెలు పెట్టి చదవొద్దంటే ఎలా?

మెట్లు పద్నాలుగు. కింది గచ్చు నుంచి మేడ దాకా ఎత్తు తొంభై తొమ్మిది అంగుళాలు. తొంభై తొమ్మిదిని పద్నాలుగుతో భాగిస్తే ఏడొస్తుంది, ఒకటి మిగులుతుంది. నీ డ్రాయింగులో పదమూడు మెట్లు ఏడేసి అంగుళాలు, నాలుగో మెట్టు ఒక్కటే ఎనిమిది. నాలుగో తరగతిలో కూడా అంతే చేసేవాడివి. శేషమొస్తే రబ్బరుతో చెరిపేసి, "సరిపోయిందక్కా" అని పలక పట్టుకుని పారిపోయేవాడివి. నీ వెనక ఆ లెక్క దిద్దేది నేను.

నీళ్ళెవరూ ఒలకబోయలేదు. నువ్వు పడ్డప్పుడే నీకు తెలిసింది. అందుకే నీ కాలు నొప్పి తగ్గదు, అందుకే ఆయనొస్తే నీకు గురకొస్తుంది. నేను నిన్ను తిట్టడం లేదు, తమ్ముడూ. తప్పు చెయ్యని వాళ్ళని నేనింతవరకూ చూడలేదు. కానీ ఒక్కటి ఆలోచించు. నువ్వు మంచం మీద ఉన్నన్నాళ్ళూ ఆ మెట్టు అక్కడే ఉంది. దాని మీద ఆ ఇంట్లోవాళ్ళు రోజూ ఎక్కుతున్నారు, దిగుతున్నారు.

పార్సిలు దీనితోపాటే వస్తుంది. నువ్వు మొదటిది కొనమన్నావు. నేను రెండోది కొన్నాను. లేచి, వీపు నిటారుగా పెట్టి కూర్చుంటే అన్నీ కనపడతాయి. వాలితే ఏమీ కనపడదు. నీ పాతదీ ఇలాంటిదే అయ్యుంటుంది, పొట్ట మీద పెట్టుకుని గీసుంటావు. తప్పు తెరది కాదు, నీ నడుముది. పెన్‌డ్రైవు పెట్టెలోనే ఉంది.

అక్క


మంచం, దిండు మీద దిండు
మే 6

అక్కకి,

పార్సిలు ముట్టింది. ఇది సొంత అక్క చేసే పనేనా?

విప్పి, పొట్ట మీద పెట్టుకుని తెరిచాను. ముందు పాడైపోయి వచ్చిందనుకున్నాను. తెరంతా పాలు ఒలికినట్టుంది. ఇంకో దిండు పెట్టుకున్నాను, మా ఇంట్లో దిండ్లు మూడే. మూడో దిండుతో సగం తెర వచ్చింది, కింది సగం ఇంకా పాలే. తెర ముందుకి వంచితే మూతపడిపోతోంది. మంచం తల వైపు కాళ్ళకింద ఇటుకలు పెట్టమని ఆవిడనడిగాను. ఇటుకలు పెరట్లో ఉన్నాయి, వెళ్ళి తెచ్చుకోండి అంది. ఆవిడ ఇలా మాట్లాడటం ఎప్పుడు నేర్చుకుందో.

షాపువాడికి వెనక్కిచ్చేసి మొదటిది పంపించు. శేషం సంగతి నువ్వు రాసిందంతా నీ ఊహ.

తమ్ముడు

వదినగారూ, మూడు దిండ్లూ గోడకి నిలబెట్టుకుని కూర్చున్నారు. అయిదు నెలల్లో ఇంత నిటారుగా చూడలేదు. నేనేమీ అనలేదు, అంటే మళ్ళీ పడుకుంటారు. — మీ మరదలు


కుర్చీ, వంటింటి బల్ల దగ్గర
మే 15

అక్కా,

మంచం మీద కూర్చుంటే వీపు లాగేస్తోంది. అందుకని బల్ల దగ్గరికొచ్చాను, అంతకన్నా ఇందులో గొప్పేమీ లేదు.

పెన్‌డ్రైవు పెట్టాను. వేరే ఏదైనా తెరుద్దామనుకున్నాను, అందులో అదొక్కటే ఉంది. తెరిచాను. నిటారుగా కూర్చుని చూస్తే నాలుగో మెట్టు పక్కన లేతబూడిద రంగులో చిన్న అక్షరాలున్నాయి. నువ్వవి చూశావో లేదో, చూసి రాయలేదో. "మిగిలిన అంగుళం తర్వాత సర్దాలి" అని ఉంది. నేను రాసుకున్నదే. ఆ రోజు లెక్క తెగక, మిగిలిన అంగుళాన్ని నాలుగో మెట్టు మీద పడేసి, గుర్తు కోసం పక్కన రాసుకున్నాను. మర్నాడు వాలుకుర్చీలో పడుకుని పాత ల్యాప్‌టాప్‌లో చూసుకుంటే ఆ అక్షరాలు కనపడలేదు. అంతా అయిపోయిందనుకుని మేస్త్రీకి ఇచ్చేశాను. మేస్త్రీ మహా నిజాయితీపరుడు. గీసింది గీసినట్టు కట్టాడు.

నువ్వు ఊహించింది నిజమే. పడ్డప్పుడు కాలి బొటనవేలు ఆ మెట్టు అంచుకి తగిలిన క్షణంలోనే తెలిసిపోయింది. ఎముక విరిగిన చప్పుడుకన్నా ముందు, "అయ్యో, ఆ అంగుళం" అనుకున్నాను. ఆ రోజు నుంచీ ఫోను మోగితే దిండు కింద దాచేస్తున్నాను. ఆయన తల్లికి ఎనభై ఏళ్ళు, రోజూ మేడ మీదికెక్కుతుంది. ఎవరైనా పడ్డారని చెప్పడానికే ఆయన రెండుసార్లు వచ్చాడని నా భయం. అడిగే ధైర్యం లేక ముసుగేసుకున్నాను. పడుకుంటే ఎవరూ ఏమీ అడగరు కదా అక్కా. కాలిరిగినవాణ్ణి పట్టుకుని నీ లెక్క తప్పు అని ఎవరూ అనరు.

ఆవిడకి నిన్న చెప్పాను. విని, అంతా అయ్యాక, "నాకెందుకు చెప్పలేదు" అని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఎలా వెళ్ళాలో తెలియడం లేదు. గుమ్మం బయట మూడు మెట్లున్నాయి.

తమ్ముడు


బడి, హెడ్మిస్ట్రెస్ గది
మే 20

తమ్ముడూ,

ఆ లేత అక్షరాలు చూశాను. నీ చేత్తో రాసుకున్నది నీ కంటితో చూసుకోవాలని రాయలేదు.

గుమ్మం ముందు మూడు మెట్లు ఎవరు గీశారో తెలీదు గానీ నీవి కావుగా, భయపడకు. మరదల్ని భుజం ఇవ్వమను. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి దిగు, పసిపిల్లల్లాగా. మొదటి మెట్టు దిగితే చాలు, మిగతావి ఎలాగూ దిగాల్సిందే.

అక్క


వాచీలాయన ఇల్లు, నాలుగో మెట్టు
మే 27

అక్కా,

ఈ కాగితం మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను. కాళ్ళ దగ్గర మేస్త్రీ సుత్తి చప్పుడు, కింద పెద్దావిడ కేకలు. చేతిరాత అందుకే ఇలా ఉంది.

గుమ్మం దిగడానికి పావుగంట పట్టింది. ఇక్కడికొచ్చి ఆయన ముందు నిలబడి, ఇంట్లోంచి తయారుచేసుకొచ్చిన మాటలన్నీ మర్చిపోయి, "నాలుగో మెట్టు నా తప్పండీ" అన్నాను. ఆయన కంటికి పెట్టుకున్న భూతద్దం కూడా తియ్యకుండా, "తెలుసండీ" అన్నాడు. నేను పడిన రోజు సాయంత్రమే కొలిచారట. అప్పటిదాకా అక్కడ కాలు తగిలినప్పుడల్లా చెప్పులదే తప్పనుకున్నారట. ఎవరూ పడలేదు. పడింది నేనొక్కణ్ణే. వెంటనే ఆ మెట్టు అంచుకి ఎర్రరంగు పూశారు, ఎక్కేవాళ్ళని ముందే ఆపి చెబుతున్నారు. మరి మా ఇంటికి రెండుసార్లు ఎందుకొచ్చారని అడిగాను. మా మెట్టు వల్ల మీ కాలు విరిగింది కదండీ, క్షమించమని అడగడానికొచ్చాను, మీరెప్పుడూ నిద్రలోనే ఉన్నారు అన్నాడు. ఆరు నెలలుగా ఆయన నాకూ నేను ఆయనకీ భయపడుతూ కూర్చున్నాం. నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు.

మెట్లన్నీ పగలగొట్టక్కర్లేదు. మొదటి మూడు మెట్ల మీదా కొత్త పలకలు వేయిస్తున్నాను. ఒకటో మెట్టుకి పావు అంగుళం, రెండోదానికి అర, మూడోదానికి ముప్పావు. దాంతో నాలుగు మెట్లూ ఏడుంబావు అవుతాయి. నువ్వు లెక్క సరిచూసుకో, నేను పన్నెండుసార్లు చూశాను. కుర్చీలో కూర్చునే చూశాను.

ఎర్రరంగు గీకేస్తుంటే పెద్దావిడకి కోపమొచ్చింది. ఆ మెట్టు దగ్గర అందరూ ఆగి ఆవిడ చెయ్యి పట్టుకుని ఎక్కించేవాళ్ళట, ఇకమీదట ఎవరు పట్టుకుంటారని కేకలేస్తోంది. పని అయ్యాక ముందుగా నేనే పట్టుకుని ఎక్కిస్తానని మాటిచ్చాను. ఒకటో తారీఖున ఇంజనీరు దగ్గరికి వెళుతున్నాను. ఆ ల్యాప్‌టాప్ మార్చొద్దు.

నీ తమ్ముడు

వదినగారూ, ఈసారి ఉత్తరం పోస్టులో తనే వేస్తానన్నారు. బతిమాలి కాస్త ఖాళీ అడిగి తీసుకున్నాను. బిస్కెట్ల డబ్బా బల్ల మీదికి దించేశాను. — మీ మరదలు


ఇల్లు, మంచం
జూన్ 3

తమ్ముడూ,

లెక్క చూశాను. నాలుగు ఏడుంబావులు ఇరవై తొమ్మిది, పది ఏడులు డెబ్భై, మొత్తం తొంభై తొమ్మిది. దిద్దాల్సిందేమీ లేదు.

ఇక నా సంగతి ఒకటి దాచాను, చెప్పేస్తాను. ఎటు చూసినా పద్నాలుగు మెట్లూ కనపడే ఆ మొదటి ల్యాప్‌టాప్ ఉంది చూశావూ, దాన్ని ఆ రోజే నాకోసం కొనేసుకున్నాను. ముప్పై మూడేళ్ళు నిలబడి పాఠాలు చెప్పాను, ఇప్పుడు సాయంత్రాలు పొట్ట మీద పెట్టుకుని హాయిగా చూస్తున్నాను. నా పాత శిష్యుడు ధర కూడా తగ్గించాడు. చాప మాత్రం ఇవ్వలేదు.

నీ ఉత్తరం కూడా అలాగే పడుకుని విప్పాను. పైన "నాలుగో మెట్టు" అని ఉంది. పావుగంట పట్టింది గుమ్మం దిగడానికి అన్న చోట కళ్ళద్దాలు తుడుచుకున్నాను. పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఎక్కిస్తానన్న చోటికి వచ్చేసరికి చూసుకుంటే, ఎప్పుడు లేచానో తెలీదు, మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాను.

అక్క